రెండు పిండినల్లులు: గుర్తింపు, పుట్టుక, వలసలపై ఒక ఆధార పరిశీలన

మందార కొమ్మల చివర, బొప్పాయి ఆకుల అడుగున, మల్బరీ చిగుళ్ల మధ్య తెల్లటి పిండి అద్దినట్టు కనిపించే పురుగులన్నింటినీ రైతులు పిండినల్లి అనే అంటారు. రోజువారీ మాటకు ఆ పేరు చాలు. నివారణ దగ్గరికి వచ్చేసరికి చాలదు. ఎందుకంటే ఆ ఒక్క పేరు కింద కనీసం రెండు వేరు జాతులు ఒకే పెరట్లో, ఒక్కోసారి ఒకే మందార చెట్టు మీద ఉండే అవకాశం ఉంది. ఒకటి మందార పిండినల్లి, దీన్నే గులాబి పిండినల్లి అని కూడా అంటారు. శాస్త్రనామం మాకొనెల్లికోకస్ హిర్సూటస్. రెండోది బొప్పాయి పిండినల్లి. శాస్త్రనామం పారాకోకస్ మార్జినేటస్. రెండూ సూడోకోక్సిడే కుటుంబానికి చెందినవే. రెండూ సన్నని సూదివంటి నోటితో మొక్క రసం పీలుస్తాయి. రెండూ తోట మొక్కలతో ఆగక అడవి చెట్లకూ పాకుతాయి.

ఈ వ్యాసంలో పరిశీలనకు తీసుకున్న ప్రశ్నలు మూడు.

1. ఈ రెండింటినీ తోటలో నమ్మకంగా వేరుచేసి గుర్తించవచ్చా? ఎంతవరకు?

2. ఒక్కోదాని పుట్టిల్లు ఏది? అవి ఎప్పుడు, ఏ దారిన దేశాలు దాటాయి? ఈ విషయంలో రచనల మధ్య తేడాలు ఎక్కడ ఉన్నాయి?

3. పుట్టినచోట అణగి ఉండే పురుగు పరాయిచోట విజృంభించడానికి సహజ శత్రువులు వెంట రాకపోవడమే కారణమన్న వాదనకు ఈ రెండు ఉదాహరణల్లో ఎంత బలం ఉంది?

మూడో ప్రశ్నకు జవాబు మొదటి రెండింటి మీద ఆధారపడి ఉంది. పురుగు ఏదో తేలకపోతే దాని పుట్టిల్లు తేలదు. పుట్టిల్లు తేలకపోతే శత్రువును వెతకాల్సిన చోటు తేలదు. అందుకే ఈ వరుస.

గుర్తింపు: కంటితో చూసినప్పుడు

4. మందార పిండినల్లి ఆడ పురుగు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒంటి రంగు గులాబి. పైన మైనపు పొడి ఉన్నా, ఒంటి అంచుల చుట్టూ మైనపు పోగులు ఉండవు. గుడ్లు పెట్టినప్పుడు నారింజ రంగులో ఉండి, పొదిగే సమయానికి గులాబికి తిరుగుతాయి. గుడ్లను దూదివంటి తెల్లని సంచిలో పెడుతుంది.

5. బొప్పాయి పిండినల్లి ఆడ పురుగు కొంచెం చిన్నది, సగటున 2.2 మిల్లీమీటర్ల పొడవు, 1.4 మిల్లీమీటర్ల వెడల్పు. ఒంటి రంగు పసుపు. మైనపు పొర పలుచన కాబట్టి ఆ పసుపు పైకి తెలుస్తూనే ఉంటుంది. ఒంటి అంచు పొడవునా పొట్టి మైనపు పోగులు వరుసగా ఉంటాయి. గుడ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటాయి.

6. కాబట్టి తోటలో చేయగల మొదటి పరీక్ష తేలికైనదే. గుడ్ల సంచిని పుల్లతో విప్పి గుడ్ల రంగు చూడాలి. ఒక ఆడ పురుగును తెల్ల కాగితం మీద నలిపి మరక చూడాలి. గులాబి ఎరుపు మరక మందార పిండినల్లి వైపు, పసుపు మరక బొప్పాయి పిండినల్లి వైపు చూపుతాయి. చూపుతాయి అనడమే సరి, తేలుస్తాయి అనకూడదు. తెల్లని దూది కింద ఎర్రని రసం ఉండే పురుగులు వేరే కుటుంబాల్లోనూ ఉన్నాయి. నాగజెముడు మీద పెరిగే కొచినీల్ పురుగు అందుకు తెలిసిన ఉదాహరణ.

7. రెండో పరీక్ష ఆల్కహాల్‌ది. సేకరించిన బొప్పాయి పిండినల్లిని ఆల్కహాల్‌లో వేస్తే నీలం కలిసిన నలుపు రంగుకు మారుతుంది. మందార పిండినల్లిలో ఈ మార్పు చెప్పబడలేదు. అయితే నల్లబడే గుణం పారాకోకస్ ప్రజాతిలోని ఇతర జాతులకు కూడా ఉన్నట్టు వర్గీకరణ రచనలు చెబుతున్నాయి. అంటే ఈ పరీక్ష ఈ రెండింటిని విడదీయడానికి పనికి వస్తుంది గాని, మూడో జాతి లేదని నిరూపించడానికి సరిపోదు.

8. చివరి మాట సూక్ష్మదర్శినిదే. ఆడ పురుగును శుభ్రం చేసి, రంగు పట్టించి స్లైడు మీద పరిచినప్పుడు, మందార పిండినల్లి మీసానికి సాధారణంగా 9 కణుపులు, బొప్పాయి పిండినల్లి మీసానికి 8 కణుపులు లెక్కకు వస్తాయి. మైనం స్రవించే ఒక రకం నాళికలు బొప్పాయి పిండినల్లి వీపున అంచులకే పరిమితమై ఉంటాయి. మందార పిండినల్లిలో వీపంతా కనిపిస్తాయి. ఈ లక్షణాలు ఆడ పురుగులకే వర్తిస్తాయన్నది గుర్తుంచుకోవాలి. మగవి రెక్కలున్న చిన్న పురుగులు, కొద్దికాలమే బతుకుతాయి. పిల్ల పురుగుల్లో లక్షణాలు పూర్తిగా ఏర్పడి ఉండవు.

గుర్తింపు: మొక్క చెప్పే సాక్ష్యం

9. రెండు పురుగులూ తేనెవంటి జిగురు పదార్థాన్ని విసర్జిస్తాయి. దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది, చీమలు చేరతాయి. కాబట్టి మసి గాని చీమలు గాని జాతిని తేల్చే గుర్తులు కావు.

10. తేడా చిగుళ్లలో తెలుస్తుంది. మందార పిండినల్లి లాలాజలం మొక్కకు విషంలా పనిచేస్తుందని భావిస్తారు. అది పట్టిన చిగురులో కణుపుల మధ్య దూరం తగ్గిపోతుంది. ఆకులు ముడుచుకుని, దళసరిగా, ముదురాకుపచ్చగా ఒకచోట గుత్తిగా కుదించుకుంటాయి. మల్బరీలో ఈ లక్షణానికి తుక్రా అని పేరు. పట్టు రైతులకు, ముఖ్యంగా హిందూపురం, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల వారికి ఇది కొత్త మాట కాదు.

11. బొప్పాయి పిండినల్లి పట్టిన మొక్కలో ఆకులు పసుపుబారడం, ముడుచుకోవడం, రాలిపోవడం ముందు కనిపిస్తాయి. ఉధృతి పెరిగితే కాయలు, కాండం మొత్తం తెల్లని పొరతో కప్పుకుపోతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇది కూడా మల్బరీని ఆశిస్తుంది. 2009లో తమిళనాడులోని మల్బరీ తోటలు దీని బారిన పడ్డాయి. మల్బరీలో తెల్లని పురుగు కనబడగానే తుక్రా అని తీర్మానించడం, బొప్పాయి పిండినల్లి మన దేశంలో నమోదైన 2008కి ముందు చాలావరకు సరిపోయి ఉండవచ్చు. ఆ తర్వాత సరిపోదు.

12. ఆశ్రయమిచ్చే మొక్కల జాబితాలు కూడా విడదీయడానికి పెద్దగా ఉపయోగపడవు. మందార పిండినల్లికి 70కి పైగా కుటుంబాల్లో 200కు పైగా ప్రజాతుల మొక్కలు ఆశ్రయమని తరచు ఉదహరిస్తారు. బొప్పాయి పిండినల్లికి 1990ల చివర అమెరికాలో వేసిన లెక్క సుమారు 25 ప్రజాతులే. తర్వాతి జాబితాలు అంతకు ఎన్నో రెట్లు పెరిగాయి. ఈ పెరుగుదలలో పురుగు ఆకలి ఎంత, వెతికినవారి శ్రద్ధ ఎంత అన్నది విడదీయడం కష్టం. పైగా ఒక మొక్క మీద పురుగు కనిపించడం వేరు, ఆ మొక్క మీద తరం వెంట తరం పెరగడం వేరు. చాలా జాబితాలు ఈ రెండింటినీ ఒకే గంపలో వేస్తాయి. జాబితాల్లో ఉమ్మడిగా కనిపించే మొక్కల్లో మందార, మల్బరీ, జామ, టేకు ఉన్నాయి. కలుపుల్లో వయ్యారిభామ, తుత్తురుబెండ బొప్పాయి పిండినల్లికి ఆశ్రయమిస్తాయి. పంట లేని రోజుల్లో అది గట్ల మీద నిలదొక్కుకోవడానికి ఇవి తోడ్పడతాయి.

మందార పిండినల్లి: పుట్టుక, వలస

13. ఈ పురుగుకు తొలి శాస్త్రీయ వర్ణన 1908 నాటిది. సింహళంలో ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఇ. ఎర్నెస్ట్ గ్రీన్, భారతదేశం నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా దీన్ని ఫెనకోకస్ హిర్సూటస్ అనే పేరుతో వర్ణించాడు. ఆ వర్ణన భారత వ్యవసాయ శాఖ వెలువరించిన కీటక శాస్త్ర గ్రంథమాలలో వచ్చింది. 1958లో ఎజ్జత్ అనే ఈజిప్టు శాస్త్రవేత్త దీన్ని మాకొనెల్లికోకస్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. పాత రచనల్లో ఒక పేరు, కొత్త రచనల్లో మరో పేరు కనిపించడానికి కారణం ఇదే. రెండూ ఒకే పురుగు.

14. భారతదేశంలో ఇది 1920 నాటికే పీడ అని చెప్పడానికి స్పష్టమైన పాత సాక్ష్యం ఒకటి ఉంది. 1919లో పూసాలో జరిగిన మూడో కీటక శాస్త్ర సమావేశంలో సి.ఎస్. మిశ్రా మల్బరీ తుక్రా మీద పత్రం సమర్పించాడు. అది 1920లో అచ్చయింది. తుక్రాకు ఈ పిండినల్లే కారణమని అందులో చూపాడు. ఈ సాక్ష్యాన్ని 28వ అంశంలో మళ్లీ పరిశీలించవలసి ఉంటుంది.

15. దేశం దాటిన తొలి ప్రసిద్ధ సందర్భం ఈజిప్టుది. 1912 ప్రాంతంలో భారతదేశం నుంచి అక్కడికి చేరిందని 1920ల నాటి ఈజిప్టు రచనల ఆధారంగా చెబుతారు. అక్కడ ఎక్కువ దెబ్బతిన్న చెట్లలో మందారతోపాటు రహదారుల పక్క నీడకోసం పెంచిన దిరిసెన చెట్లూ ఉన్నాయి. పెరటి పురుగు పెద్ద చెట్ల పురుగు కూడా కాగలదనడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

16. పుట్టిల్లు దక్షిణాసియా అన్నది ఎక్కువమంది అభిప్రాయం. తొలి నమూనాలు ఇక్కడివి కావడం, దగ్గరి బంధువులైన జాతులు ఈ ప్రాంతంలో దొరకడం అందుకు ఆధారాలు. 1996లో డి.జె. విలియమ్స్ ఈ ప్రజాతిలో మరో రెండు జాతులను దక్షిణాసియా నుంచి వర్ణించాడు. అయితే ఇదే ప్రజాతి జాతులు ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. మందార పిండినల్లి అక్కడ సహజ శత్రువులతో కలిసి అణగి జీవిస్తున్నట్టు పరిశీలనలు వచ్చాయి. అందువల్ల ఆస్ట్రేలియాను పూర్తిగా పక్కన పెట్టలేము. తొలి నమూనా ఎక్కడ దొరికిందన్నది వర్ణించినవారి చరిత్రను చెబుతుంది గాని, పురుగు చరిత్రను తప్పనిసరిగా చెప్పదు. ప్రస్తుత ఆధారాల బరువు దక్షిణాసియా వైపు మొగ్గుతోందని అనడం వరకే న్యాయం.

17. 1984లో హవాయి దీవుల్లో ఇది కనబడింది. అక్కడ పెద్ద ఉపద్రవం రాలేదు. అనాగైరస్ కమాలి అనే పరాన్నజీవి కందిరీగ కూడా అక్కడే కనబడింది. పురుగుతోపాటే అనుకోకుండా చేరి ఉంటుందని భావిస్తారు.

18. పదేళ్ల తర్వాత కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవిలో జరిగింది ఇందుకు పూర్తిగా భిన్నం. పురుగు చేరిన సంవత్సరం కొన్ని రచనల్లో 1993, కొన్నింటిలో 1994. గుర్తింపు 1994 నవంబరుదని ఎక్కువగా ఉదహరిస్తారు. ఈ రెండు తేదీలూ పరస్పర విరుద్ధం కానక్కరలేదు. ఒకటి రాకది, మరొకటి గుర్తింపుది కావచ్చు. అక్కడ మందార కంచెలతోపాటు నిద్రగన్నేరు, టేకు, మందార కుటుంబానికే చెందిన బ్లూ మాహో అనే కలప చెట్టు దెబ్బతిన్నాయి. బ్లూ మాహోను నీటి పరీవాహక ప్రాంతాల రక్షణ కోసం కూడా పెంచేవారు కాబట్టి నష్టం పెరళ్లతో ఆగలేదు. 1995లో ట్రినిడాడ్‌లోనూ, 1999లో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలోనూ, 2002లో ఫ్లోరిడాలోనూ ఇది నమోదైంది.

బొప్పాయి పిండినల్లి: పుట్టుక, వలస

19. దీని దారి ఎదురు దిశది. తొలి నమూనాలు 1955లో మెక్సికోలో సేకరించినవి. కాని వర్ణన 1992 దాకా రాలేదు. ఆ ఏడు విలియమ్స్, గ్రనారా డి విలింక్ మెక్సికో, మధ్య అమెరికా నమూనాల ఆధారంగా దీనికి పేరు పెట్టారు. సేకరణకు, నామకరణానికి మధ్య 37 ఏళ్లు గడిచాయి. సొంత గడ్డ మీద ఇది పీడగా బాధించలేదు కాబట్టే ఎవరి దృష్టికీ రాలేదని దీన్ని వ్యాఖ్యానించవచ్చు. ఆ వ్యాఖ్య సమంజసమే గాని నిరూపణ కాదు. వర్ణన లేకపోవడానికి వర్గీకరణ నిపుణుల కొరత కూడా కారణం కావచ్చు.

20. 1990ల నడుమ నుంచి ఇది కరీబియన్ దీవుల్లో వరసగా నమోదైంది. 1998 జనవరిలో ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో మందార మీద కనబడింది. అంటే అదే దశకంలో, అదే సముద్రంలో, అదే మందార మీద రెండు పిండినల్లులూ తారసపడ్డాయి: ఒకటి ఆసియా నుంచి వచ్చినది, మరొకటి పక్క ఖండం నుంచి వచ్చినది. ఆ కాలపు కరీబియన్ రచనల్లో పిండినల్లి అని మాత్రమే ఉన్నచోట ఏ జాతి ఉద్దేశమో ఇతర ఆధారాలతో సరిచూసుకోవడం మేలు.

21. తర్వాత పసిఫిక్ సముద్ర దీవులు: గువామ్ 2002, పలావ్ 2003, హవాయి 2004. ఆ తర్వాత ఆసియా. 2008 మే నెలలో ఇండోనేషియాలో, జులైలో శ్రీలంకలోను, కోయంబత్తూరులోను నమోదైంది. మూడు దేశాల్లో మూడు నెలల్లోపు కనబడటం చూసి ఇండోనేషియా నుంచే భారతదేశానికి వచ్చిందని రాయడం తొందరపాటు. కనిపెట్టిన తేదీ చేరిన తేదీ కాదు. ఒకచోట వార్త రాగానే పక్క దేశాల్లో కూడా వెతకడం సహజం, వెతికినచోటే దొరుకుతుంది. తమిళనాడు తర్వాత కేరళ, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, త్రిపురల్లో దీని ఉనికి నమోదైంది. కర్రపెండలం, పత్తి, జామ, వంగ, దేవగన్నేరు, అడవి ఆముదం దెబ్బతిన్న మొక్కల్లో ఉన్నాయి.

సహజ శత్రువులు: ఆధారాల తూకం

22. శత్రువులు లేకపోవడమే విజృంభణకు కారణమన్న వాదనకు మూడు రకాల ఆధారాలు కోరవచ్చు. అ) సొంత గడ్డ మీద పురుగు అణగి ఉండాలి. ఆ) శత్రువుతోపాటు చేరినచోట ఉపద్రవం రాకూడదు. ఇ) ఆలస్యంగా శత్రువును తెచ్చి వదిలినచోట ఉధృతి తగ్గాలి. మూడింటిలో చివరిది బలమైనది, ఎందుకంటే ముందు వెనుకల లెక్క తీయవచ్చు.

23. బొప్పాయి పిండినల్లి విషయంలో (అ) కొంతవరకు, (ఇ) గట్టిగా ఉన్నాయి. మెక్సికో నుంచి సేకరించిన కందిరీగలను అమెరికా వ్యవసాయ శాఖ ప్యూర్టోరికోలో పెంచి వదిలింది. వాటిలో అసెరోఫేగస్ పపాయే, సూడ్లెప్టోమాస్టిక్స్ మెక్సికానా అనేవాటికి 2003లోగాని శాస్త్రనామం రాలేదు. అనాగైరస్ లోకి పేరు 2000 నాటిది. పలావ్‌లో 2003 ఆగస్టు నుంచి వీటిని వదిలాక ఆరు నెలల్లో పురుగు 99 శాతానికి పైగా తగ్గినట్టు నివేదించారు. శ్రీలంక 2009లో వీటిని తెప్పించుకుంది.

24. భారతదేశంలో బెంగళూరులోని జాతీయ వ్యవసాయోపయోగ కీటకాల సంస్థ 2010 జులైలో ఈ మూడు కందిరీగలను ప్యూర్టోరికో నుంచి అందుకుంది. క్వారంటైన్ పరీక్షల తర్వాత అక్టోబరులో తమిళనాడు పొలాల్లో విడుదల మొదలైంది. తర్వాతి సర్వేల్లో ఎక్కువగా నిలదొక్కుకున్నది అసెరోఫేగస్ పపాయే. ఒక మిల్లీమీటరుకు మించని ఈ కందిరీగ ఎక్కువగా రెండో దశ పిల్ల పురుగులో గుడ్డు పెడుతుంది. మిగతా రెండూ ఎదిగిన దశలను ఇష్టపడతాయని ప్రయోగశాల పరిశీలనలు చెబుతున్నాయి. పిల్ల దశలోనే దెబ్బకొట్టడం మొదటిదానికి అనుకూలించి ఉండవచ్చు. పొలంలోని విజయానికి అదొక్కటే కారణమని అనలేము.

25. ఈ కార్యక్రమం ఆర్థిక ఫలితాన్ని 2014లో వెలువడిన ఒక అధ్యయనం అయిదేళ్లకు 52.4 కోట్ల డాలర్ల నుంచి 134 కోట్ల డాలర్ల మధ్య అంచనా వేసింది. ఈ అంచనాలో కింది అంకెకూ పై అంకెకూ మధ్య రెండున్నర రెట్ల తేడా ఉంది. కందిరీగలు రాకపోయి ఉంటే నష్టం ఎంత ఉండేదో ఊహించవలసి రావడం ఇలాంటి తేడాలకు దారితీస్తుంది. కాబట్టి పై అంకెను మాత్రమే ఎత్తి చూపడం సరికాదు. కింది అంకె తీసుకున్నా లాభం ఖర్చుకు ఎన్నో రెట్లు ఎక్కువన్న మాట మాత్రం నిలుస్తుంది.

26. ఇక్కడ ఒక ప్రత్యామ్నాయ వివరణను కూడా తూచాలి. కందిరీగలు రాకముందే మన స్థానిక శత్రువులు బొప్పాయి పిండినల్లిని తినడం మొదలుపెట్టాయి. వాటిలో స్పాల్గిస్ ఎపియస్ అనే చిన్న సీతాకోకచిలుక గొంగళి ముఖ్యమైనది. అది పిండినల్లుల గుంపు మధ్యే తిరుగుతూ వాటి పొడినే ఒంటికి పట్టించుకుని పెరుగుతుంది. దాని ప్యూపా మీద కోతి ముఖాన్ని పోలిన గుర్తులు ఉంటాయి. ఉధృతి తగ్గుదలలో ఈ గొంగళి వాటా లేదనలేము. అయితే స్థానిక శత్రువులు ఉండగానే 2009, 2010ల్లో నష్టం కొనసాగింది. కందిరీగల విడుదల తర్వాత తగ్గింది. పలావ్ వంటి దూరపు దీవుల్లోనూ ఇదే క్రమం కనబడింది. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే ప్రధాన పాత్ర కందిరీగలదే అనడం సబబు.

27. మందార పిండినల్లి విషయంలో (ఆ), (ఇ) రెండూ లభిస్తాయి. 17వ అంశంలోని హవాయి, 18వ అంశంలోని గ్రెనడా పక్కపక్కన పెట్టి చూడదగినవి: రెండూ ఉష్ణమండలపు దీవులే, పురుగు ఒకటే. మొదటిచోట అనాగైరస్ కమాలి ఉంది, రెండోచోట లేదు. గ్రెనడాలో 1995లో ఈ కందిరీగను వదిలారు. భారతదేశం నుంచి క్రిప్టోలీమస్ మాంట్రూజీరి, సిమ్నస్ కొక్సివోరా అనే అక్షింతల పురుగులను కూడా కరీబియన్ దీవులకు తీసుకెళ్లారు. కాలిఫోర్నియాలో అనాగైరస్ కమాలి, గైరానుసాయిడియా ఇండికా కందిరీగలను వదిలాక తొలి ఏడాదిలోనే పురుగు సుమారు 95 శాతం తగ్గినట్టు నివేదిక ఉంది. కరీబియన్‌లో కందిరీగలు, అక్షింతల పురుగులు కలిసి పనిచేశాయి కాబట్టి ఎవరి వాటా ఎంతో అక్కడి ఫలితాల నుంచి విడదీయడం కష్టం. కాలిఫోర్నియా ఫలితం ఈ విషయంలో ఎక్కువ స్పష్టమైనది.

28. అయితే (అ) దగ్గర అడ్డంకి ఉంది. దక్షిణాసియానే పుట్టిల్లు అయితే ఇక్కడ ఈ పురుగు అణగి ఉండాలి. కాని 1920 నాటికే తుక్రా పట్టు పరిశ్రమకు సమస్య. హైదరాబాదు పరిసరాల్లో, కర్ణాటకలో ద్రాక్ష తోటలకు ఇది ముఖ్యమైన పీడ. గోగు పంటనూ ఆశిస్తుంది. ఈ వైరుధ్యానికి రెండు వివరణలు సాధ్యం. ఒకటి: పుట్టిల్లు ఇది కాదు, ఆస్ట్రేలియా వైపు ఎక్కడో. రెండు: పుట్టిల్లు ఇదే, కాని ఏటా కత్తిరించే మల్బరీ, మాటిమాటికీ మందు కొట్టే ద్రాక్ష వంటి పంటల్లో శత్రువులు నిలవలేకపోతున్నాయి. ఇక్కడి నష్టం ప్రధానంగా ఇటువంటి సేద్యపు పంటల్లో కనిపిస్తోంది. ఈజిప్టులో దిరిసెనలకు, గ్రెనడాలో నిద్రగన్నేరుకు పట్టిన గతి ఇక్కడి చెట్లకు పట్టినట్టు చెప్పే రచనలు ప్రముఖంగా లేవు. బెంగళూరు ద్రాక్ష తోటల్లో ఎం. మణి, టి.ఎస్. తొంటదార్య చేసిన పరిశీలనల్లో అనాగైరస్ డాక్టిలోపీ వంటి స్థానిక కందిరీగలు నమోదయ్యాయి. ఈ కారణాల వల్ల రెండో వివరణ వైపే కొంత మొగ్గు ఉంది. మొగ్గు మాత్రమే.

తోటలో చూడవలసినవి

29. పై పరిశీలన రైతుకు ఉపయోగపడాలంటే రెండు గుర్తులు దగ్గరగా చూడటం నేర్చుకోవాలి. మొదటిది, కందిరీగ పట్టిన పిండినల్లి. అది కదలిక మానేసి, ఉబ్బి, లేత గోధుమరంగు గుల్లగా బిగుసుకుంటుంది. కందిరీగ బయటికి వెళ్లిపోయాక గుల్లకు ఒక గుండ్రటి రంధ్రం మిగులుతుంది. గుంపులో ఇటువంటి గుల్లలు తరచుగా కనిపిస్తుంటే శత్రువు పని మొదలైనట్టే.

30. రెండోది, క్రిప్టోలీమస్ పిల్ల పురుగు. తల్లి అక్షింతల పురుగు నల్లగా, నారింజ రంగు తలతో ఉంటుంది కాబట్టి పొరపాటు రాదు. దాని పిల్ల మాత్రం ఒళ్లంతా తెల్లని మైనపు పోగులతో పెద్ద పిండినల్లిలాగే కనిపిస్తుంది. తేడా నడకలో తెలుస్తుంది. పిండినల్లి ఎక్కువసేపు ఒకేచోట అంటిపెట్టుకుని ఉంటుంది, ఇది గుంపు మధ్య చురుగ్గా తిరుగుతూ గుడ్ల సంచులను చీల్చి తింటుంది. ద్రాక్షలో తీగకు 10 పురుగుల చొప్పున వదలమని సిఫారసు చేసే ఈ మిత్రకీటకాన్నే, పెద్ద పిండినల్లి అనుకుని మందుకొట్టి చంపే ప్రమాదం ఉంది.

31. మందులు పిండినల్లి మీద తరచు విఫలం కావడానికి కారణాలు పురుగు ఒంట్లోనే ఉన్నాయి. మైనపు పొర మందును నిలవనివ్వదు. గుడ్లు సంచిలో భద్రం. పురుగు బెరడు పగుళ్లలో, ముడుచుకున్న ఆకుల్లో దాగి ఉంటుంది. ఒక్కో ఆడ పురుగు కొన్ని వందల గుడ్లు పెడుతుంది. రెండు జాతులకూ 600 దాకా అంకెలు నమోదయ్యాయి. మిగిలిన కొద్ది పురుగులతో గుంపు మళ్లీ తయారవుతుంది. కందిరీగలకు, అక్షింతల పురుగులకు ఇలాంటి రక్షణ తక్కువ.

నిర్ణయాలు

32. ఇంతవరకు తూచిన ఆధారాల మీద ఈ కింది నిర్ణయాలకు రావచ్చు.

అ) గుడ్ల రంగు, రసం రంగు, అంచు పోగులు, ఆల్కహాల్ పరీక్ష కలిపి చూస్తే ఈ రెండు పిండినల్లులను తోటలో చాలావరకు వేరు చేయవచ్చు. జాతి నిర్ధారణకు స్లైడు తప్పదు.

ఆ) బొప్పాయి పిండినల్లి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతానిదన్నది దాదాపు నిస్సందేహం. మందార పిండినల్లి దక్షిణాసియాదన్నది బలమైన అభిప్రాయం, అంతిమ నిర్ణయం కాదు.

ఇ) శత్రువు వెంట రాకపోవడమే విజృంభణకు ప్రధాన కారణమన్న వాదన బొప్పాయి పిండినల్లికి బాగా నిలుస్తుంది. మందార పిండినల్లికి కొత్త దేశాల్లో నిలుస్తుంది. సొంత గడ్డగా భావిస్తున్న మన దేశంలో సేద్యపు పద్ధతులను కూడా లెక్కలోకి తీసుకుంటేనే నిలుస్తుంది.

33. కాబట్టి తోటలో తెల్లని పిండి కనబడినప్పుడు మందు డబ్బా తెరవకముందు రెండు పనులు చేయమని రైతులను, పెరటి తోటల వారిని కోరవలసి ఉంది. గుడ్ల సంచి విప్పి రంగు చూడండి. గుంపులో రంధ్రం పడిన గుల్లలు గాని, చురుగ్గా తిరిగే తెల్లని పిల్ల పురుగులు గాని ఉన్నాయేమో చూడండి. సందేహం ఉంటే కొన్ని ఆడ పురుగులను ఆల్కహాల్ సీసాలో వేసి, సేకరించిన తేదీ, ఊరు, మొక్క పేరు రాసి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, ఉద్యాన పరిశోధన స్థానానికి గాని అందజేయండి. తేదీ, చోటు రాసి ఉన్న నమూనా పురుగు పేరు తేల్చడంతోపాటు అది ఎప్పుడు ఎక్కడికి చేరిందన్న చరిత్రకూ ఆధారమవుతుంది.